ఆ పేజీ సంగతి ఎవరికి చెప్పాలి?

అంబాజీపేట దగ్గర్లోని ఒక ఊరి నుంచి 18 ఏళ్ల కుర్రాడు రాసిన ఉత్తరం ఇది. పొడవు ఎక్కువ కాబట్టి కుదించి ఇస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు తీసేశాను.

ఈ ఏడాదే ఇంటర్ ఎంపీసీ అయింది. నాన్నది కొబ్బరి వ్యాపారం. ఇంటి వెనకే కాయ రాశి, వలుపు మనుషులు. డాలస్‌లో ఉన్న మేనమామ పట్టుబట్టి అమెరికాలో ఒక స్టేట్ యూనివర్సిటీకి దరఖాస్తు చేయించాడు. సీటొచ్చింది, డిపాజిట్ కట్టారు, వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం ఐ-20 కూడా చేతికొచ్చింది. వచ్చే నెల వీసా ఇంటర్వ్యూ. ఇక్కడ ఈఏపీసెట్ కూడా రాశాడు, ర్యాంకు ఓ మోస్తరు.

అతనికి నిద్ర పట్టనివ్వనివి రెండు. ఒకటి, ఇన్‌స్టాగ్రామ్‌లో సంక్రాంతి రీల్స్. ఏటా పెదనాన్న కొడుకులతో కలిసి కోడిపందేల బరి దగ్గర తీసినవి. ఒకదాన్లో చేతిలో ఐదొందల నోట్ల కట్ట పట్టుకుని డేగ పుంజు మీద పందెం కాస్తుంటాడు. దాన్ని వేల మంది చూశారు. రెండోది, 2024లో పదో తరగతి అయిపోయాక ముగ్గురు స్నేహితులు పేర్లు బయటపెట్టకుండా స్కూలు పేరు మీద నడిపిన ‘కన్ఫెషన్స్’ పేజీ. తమతో చదివిన ఒకబ్బాయికి నూజివీడు ట్రిపుల్ ఐటీలో సీటొస్తే, అతని ఫొటో పెట్టి కులం మీదా రిజర్వేషన్ మీదా మీమ్ చేశారు. ఫొటో పెట్టింది ఇంకొకడు, దాని కింద మాట రాసింది మాత్రం తనే. తెలిసినవాళ్లంతా వచ్చి కామెంట్లు పెట్టి నవ్వారు. హెడ్మాస్టరుగారు పిలిచి చీవాట్లు పెట్టి పేజీ తీయించారు. టీసీలో మాత్రం ప్రవర్తన ‘తృప్తికరం’ అనే ఉంది.

ఆ ముగ్గురిలో ఒకడితో ఈ మధ్య గొడవైంది. ‘స్క్రీన్‌షాట్లన్నీ నా దగ్గరున్నాయి, నువ్వు అమెరికా ఎలా వెళ్తావో చూస్తా’ అన్నాడట. ఖాతా మూసేసి ఫారంలో సోషల్ మీడియా లేదని పెట్టెయ్యమంటాడు మేనమామ. కన్సల్టెన్సీవాళ్లు కొత్త ఖాతా తెరిచి మంచి ఫొటోలు పెట్టమన్నారు. ప్రైవేటులో పెట్టుకుంటే సరిపోతుందని అక్క సలహా. నాన్నకి పేజీ సంగతే తెలియదు. ‘కాలేజీవాళ్లు ఇవన్నీ చూస్తారా మేడమ్? చూస్తే నా సీటు ఉంటుందా?’ అన్నది అతని ప్రశ్న. ఆ తర్వాత, సంతకానికి ముందు, ఇంకో వాక్యం ఉంది: ‘ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారు మా రాశి దగ్గరే కాయ వలుస్తారు, రోజూ కనపడతారు.’

బాబూ,

నీ వయసుకి ‘మీరు’ అంటే నీకే ఇబ్బందిగా ఉంటుంది, అందుకని నువ్వనే రాస్తున్నాను.

ఉత్తరంలో మూడొంతులు వీసా గురించే రాశావు. మిగిలినదాంట్లో సగం పందేలు. ఆ అబ్బాయి వాళ్ల నాన్న గురించి మాత్రం ఎవరూ అడక్కుండా చివర్న ఒక్క వాక్యం రాశావు. నన్నడిగితే నీచేత ఉత్తరం రాయించింది ఆ వాక్యమే. దాని దగ్గరికి వస్తాను. ముందు నువ్వడిగినదానికి జవాబు.

ఇక్కడి సీటు గురించి నీకు బెంగ అక్కర్లేదు. ఈఏపీసెట్ కన్వీనర్ కోటా అయినా, జేఈఈ మీద ఐఐటీ, ఎన్ఐటీ సీట్లిచ్చే జోసా కౌన్సెలింగ్ అయినా చూసేది ర్యాంకు, కేటగిరీ, స్థానికత, సర్టిఫికెట్లు. వెబ్ ఆప్షన్లు పెట్టినవాడి ఇన్‌స్టా తెరిచి చూసేవాళ్లెవరూ అక్కడుండరు. మేనేజ్‌మెంట్ కోటాలో ఏం చూస్తారో నీకు నేను చెప్పాలా! ఇంటర్వ్యూ చేసి, వ్యాసం రాయించి చేర్చుకునే ప్రైవేటు యూనివర్సిటీల్లో మాత్రం నీ ఎదురుగా మనిషి కూర్చుంటాడు. ఆయన నీ పేరు వెతికితే వద్దనేవాళ్లు లేరు.

చేరాక మాత్రం లెక్క వేరు. అలాంటి పేజీ కాలేజీలో నడిపితే అది ర్యాగింగ్ కిందకే వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే దానికి చట్టం ఉంది. యూజీసీ 2009లో నిబంధనలు తెచ్చి, 2016లో సవరించి, కులం పేరు మీద తోటి విద్యార్థిని వేధించడాన్ని కూడా అందులో చేర్చింది. చేరేటప్పుడు నువ్వూ మీ నాన్నా సంతకం పెట్టే అఫిడవిట్ దానికోసమే. ఎవరూ చదవరనుకో, అది వేరే సంగతి.

ఇక అమెరికా యూనివర్సిటీలు. కప్లాన్ అనే శిక్షణ సంస్థ అక్కడి అడ్మిషన్ అధికారుల్ని ఏటా అడుగుతూ వచ్చింది. దరఖాస్తుదారుల సోషల్ మీడియా చూస్తామన్నవాళ్లు 2008లో పదో వంతు, 2018లో నాలుగో వంతు. అంటే చూడనివాళ్లే ఎక్కువ. వేల దరఖాస్తులొచ్చే స్టేట్ యూనివర్సిటీలో ఒక్కొక్కరి ఖాతా తవ్వే ఓపిక ఎవరికుంటుంది? కానీ అసలు చిక్కు వాళ్లు వెతకడం వల్ల రాదు, ఎవరో తీసుకెళ్లి వాళ్ల ముందు పెట్టడం వల్ల వస్తుంది. 2017లో హార్వర్డ్ కనీసం పది మందికి ఇచ్చిన సీట్లు వెనక్కి తీసుకుంది. వాళ్లంతా ఒక ఫేస్‌బుక్ గ్రూపులో తమలో తాము పరమ రోత మీమ్స్ పంచుకున్నవాళ్లు. 2019లో ఇంకో కుర్రాడికీ అదే జరిగింది. 16 ఏళ్ల వయసులో స్నేహితుల మధ్య రాసుకున్న జాత్యహంకారపు మాటల్ని తోటివాళ్లే బయటపెట్టారు. అతను బహిరంగంగా క్షమాపణ చెప్పాడు, యూనివర్సిటీకి ఉత్తరం రాశాడు. అయినా సీటు తిరిగి ఇవ్వలేదు. నిన్ను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. హార్వర్డ్ తీరు వేరు, నీ యూనివర్సిటీ తీరు వేరు. ఒకవేళ బయటపడితే ‘చిన్నప్పటి సంగతి’ అన్న ఒక్క మాట సరిపోకపోవచ్చని తెలియడానికి చెప్పాను.

అయితే నువ్వే ముందుగా వాళ్లకి రాసేయాలా? ముందు నీ దరఖాస్తు కాపీ తీసి, స్కూల్లో క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా అన్న ప్రశ్నకి ఏం జవాబిచ్చావో చూడు. చాలా యూనివర్సిటీలు వాడే కామన్ యాప్ ఆ ప్రశ్నని 2021-22 నుంచి తీసేసింది, కానీ కొన్ని యూనివర్సిటీలు విడిగా అడుగుతాయి. అడిగి ఉంటే, హెడ్మాస్టరుగారు పిలిచి పేజీ తీయించడం చర్య కిందకి వస్తుందో రాదో నువ్వు తేల్చుకోకుండా అడ్మిషన్ ఆఫీసునే అడుగు. అడగకపోతే నీ అంతట నువ్వు ఒప్పుకోలు పంపాల్సిన పని లేదని నా అభిప్రాయం. పంపితే మెచ్చుకుని వదిలేయొచ్చు, వివరణ అడగొచ్చు, సీటే పునరాలోచించొచ్చు. పంపకపోతే నీ స్నేహితుడు పంపుతాడేమోనన్న భయం నీతోనే ఉంటుంది. వాళ్లు అడిగిన రోజున చెప్పడానికి నిజాన్ని ఒక పేజీలో రాసి పెట్టుకో. మూడో దారి అదే.

వీసా దగ్గర మాత్రం దారులు తక్కువ. వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160, 2019 నుంచి, గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతోంది. అడిగేది ‘వాడినవి’ కాబట్టి, మూసేసినా రాయాల్సిందే. 2025 జూన్‌లో ఇంకో మెట్టు ఎక్కించారు. విద్యార్థి వీసాలకి దరఖాస్తు చేసేవాళ్లు తమ ఖాతాలన్నిటినీ పబ్లిక్‌లో పెట్టాలన్నారు. ఖాతాల వివరాలు దాస్తే ఈ వీసాతో పాటు మున్ముందు వీసాలు కూడా పోవచ్చని ఢిల్లీలోని ఎంబసీ ఆ నెలలోనే చెప్పింది. కాబట్టి మీ అక్క సలహా ఈ సందర్భానికి పనికిరాదు. మీ మావయ్య సలహా అయితే ప్రమాదం. ఇన్‌స్టాలో ఒక రీల్ ఉన్నందుకు వీసా రాకపోతే మళ్లీ అడగొచ్చు. అబద్ధం చెప్పి వీసాకి ప్రయత్నించాడని తేలితే అమెరికా చట్టంలో అది శాశ్వత అనర్హత దాకా వెళ్తుంది. ఆయన ప్రేమతోనే చెప్పాడు. కానీ ఆయన వెళ్లిన రోజుల్లో ఈ ప్రశ్నే లేదు.

కన్సల్టెన్సీవాళ్ల ఆలోచన గురించి ఎక్కువ రాయను. పుట్టి నెల రోజులైన ఖాతా, అందులో పుష్కర ఘాట్ దగ్గర సూర్యోదయం, రక్తదాన శిబిరంలో చిరునవ్వు. చూసేవాళ్లు అంత అమాయకులనుకుంటున్నారా?

నీ పేరుతో ఉన్న ఖాతా రాయి. ఆ కన్ఫెషన్స్ పేజీ పేరు కూడా రాయి, అది నువ్వు వాడిన ఖాతానే. అధికారి అడిగితే రెండు వాక్యాల్లో చెప్పు: పదో తరగతి అయ్యాక ముగ్గురం నడిపాం, తప్పుగా నడిపాం, స్కూలు తీయించింది. ఆ 2025 ఆదేశాల్లో వెతకమన్నవి అమెరికా మీద శత్రుత్వం, ఉగ్రవాదానికి మద్దతు లాంటివి అని వార్తలొచ్చాయి. నీ మీమ్ ఆ కోవలోకి రాదు. అయినా వీసా ఇవ్వడం ఆ అధికారి విచక్షణ. నేను హామీ ఇవ్వలేను, ఇస్తానన్నవాళ్లని నువ్వు నమ్మకు.

పందేల రీల్స్ తీసేయొచ్చా అనడిగావు. తీసేయొచ్చు. పాత పోస్టులు తీసుకోవడం అబద్ధం కాదు, ఎప్పుడూ లేవని చెప్పడం అబద్ధం. తీసేసినవి ఇన్‌స్టాలో ‘రీసెంట్లీ డిలీటెడ్’ అనే చోట 30 రోజులుండి పోతాయి, పక్కవాడి ఫోన్లోవి పోవు. నువ్వు ‘మేడమ్, మన సంప్రదాయం కదా’ అని రాశావు. మూడు రోజుల పండగలో భీమవరం నుంచి అమలాపురం దాకా ఎవరింట్లో పందెం మాట వినపడదు చెప్పు! నాకూ తెలుసు. కానీ ఆ రీల్‌లో కనపడేది సంప్రదాయం కాదు. కత్తి కట్టిన పుంజు, నెత్తురు, మైనర్ కుర్రాడి చేతిలో నోట్ల కట్ట. మన చట్టాల్లోనే 1960 నాటి జంతుహింస నిరోధక చట్టానికీ, 1974 నాటి జూద నిరోధక చట్టానికీ అది విరుద్ధం. ఏటా పోలీసులు బైండోవర్లు చేసేది అందుకే. చివరికి పందేలు ఆగుతాయా అంటే ఆగవు, నీకూ తెలుసు. అమెరికాలో అయితే యాభై రాష్ట్రాల్లోనూ కోడిపందెం నేరం. ఆఖరుగా నిషేధించిన లూసియానాలో 2008లో అమల్లోకి వచ్చింది. నీ రూమ్మేట్ ఆ రీల్ చూస్తే మన పెద్ద పండగ గుర్తుకు రాదతనికి. వీసా కోసం కాకపోయినా అది తీసేయడమే మేలు.

ఇక నీ స్నేహితుడు. వాడింకా డబ్బడగలేదు. అడిగితే ఇవ్వకు, ఆ మెసేజ్‌లు దాచుకో, ఇంట్లో చెప్పి సైబర్ క్రైమ్‌లో ఫిర్యాదు చెయ్యి. కానీ ఒకటి ఆలోచించు. వాడూ ఆ పేజీ నడిపినవాడే. నిన్ను బయటపెడితే తనూ బయటపడతాడు. వాడికి బలం స్క్రీన్‌షాట్లలో లేదు, నువ్వు దాచడంలో ఉంది. మీ నాన్నకి తెలిసి, ఫారంలో రాసి, ఆ అబ్బాయికి నువ్వే చెప్పేశాక వాడి దగ్గర ఇంకేం మిగులుతుంది? వాణ్ణి బతిమాలుకోవడానికి మాత్రం వెళ్లకు. ఇవాళ ఊరుకున్నా రేపు చదువయ్యాక ఉద్యోగానికిచ్చే ఓపీటీ అనుమతి కోసమో పెళ్లి కోసమో మళ్లీ తీస్తాడు.

ఇప్పుడా అబ్బాయి దగ్గరికి వద్దాం. ‘ఎవరైనా చూస్తారా’ అని ఉత్తరమంతా అడిగావు. చూడాల్సినవాడు రెండేళ్ల కిందటే చూశాడు బాబూ. నూజివీడు సీటు పదో తరగతి మార్కుల మీద ఇస్తారు. ఆ సీటు మీ పెదనాన్న కొడుక్కి వచ్చి ఉంటే సెంటర్లో ఫ్లెక్సీ కట్టేవాళ్లు. ఆ అబ్బాయికి ఫ్లెక్సీ కట్టారో లేదో తెలియదు గానీ, అతని సంతోషానికి మీరు ముగ్గురూ చేసిన సన్మానం ఆ మీమ్. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో నీకు గుర్తుండే ఉంటుంది, ఎనిమిదో తరగతిలో ఉండుంటావు. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతామంటే ఇళ్లు తగలబడ్డాయి, రోజుల తరబడి నెట్ ఆపేశారు. ఆ జిల్లాలో, అది జరిగిన రెండేళ్లకి, ఒక కుర్రాడి ఫొటో మీద కులం రాసి ఊరంతా తిప్పితే అతనికి ఎలా ఉంటుందో ఊహించు.

మీ నాన్నని వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లడం నీకు ముందుగా తోచే దారి. దయచేసి అది మాత్రం చెయ్యకు. ఏం జరుగుతుందో చెప్పనా? వాళ్ల నాన్న కుర్చీ వేస్తాడు, తను నిలబడే ఉంటాడు. ‘సర్లెండి బాబుగారూ, కుర్రతనం, ఏదో అయిపోయింది’ అంటాడు. ఇంకేమనగలడు? మర్నాడు పొద్దున్నే మీ రాశి దగ్గరికి గునపం దించుకోవడానికి రావాల్సినవాడు. వాళ్లబ్బాయి లోపలి గదిలో ఉండి అంతా వింటాడు. నువ్వు తేలికపడి ఇంటికొస్తావు, వాళ్లకి రెండో అవమానం మిగులుతుంది.

చెప్పదలిస్తే ఆ అబ్బాయికే, నువ్వొక్కడివే చెప్పు. నాలుగు వాక్యాలు చాలు. ఆ పేజీ నడిపిన ముగ్గురిలో నేనొకణ్ణి, ఆ మాట రాసింది నేనే, అది తప్పు, నువ్వు జవాబివ్వక్కర్లేదు. ‘నీకు బాధ కలిగి ఉంటే’ అని రాయకు, కలిగింది. వీసా మాటెత్తకు, ఎవరికీ చెప్పొద్దని అడక్కు. అతను తిట్టొచ్చు, బ్లాక్ చేయొచ్చు, ఆ మెసేజ్‌ని తన స్నేహితులకి చూపించొచ్చు. చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి నీకు. అతను ఎస్సీ లేదా ఎస్టీ అయితే, ఫిర్యాదు చేస్తే 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం మాట వస్తుంది, నువ్వు రాసింది రేపు కాగితం మీద ఆధారమవుతుంది. పేజీ నడిపినప్పటికి నీకు 18 నిండలేదు కాబట్టి వ్యవహారం జువెనైల్ జస్టిస్ బోర్డుకి వెళ్తుంది. ఈ సంగతి ఒక లాయరు దగ్గర కూర్చుని తెలుసుకున్నాక రాయి. లాయరు రాయొద్దనొచ్చు, ఆయన పని అది. రాయకుండా ఉండటమూ ఒక దారే, చట్టం దృష్టిలో అదే క్షేమం. అలాగైతే రోజూ పొద్దున రాశి దగ్గర వాళ్ల నాన్న మొహం చూడటం ఇప్పుడున్నట్టే ఉంటుంది. వెళ్లే దాకా, సెలవులకి వచ్చినప్పుడల్లా.

ఎప్పుడు చెప్పాలన్నది ఇంకో ముడి. ఇప్పుడు చెబితే వీసా భయంతో చెప్పాడంటాడు. అందులో కొంత నిజమూ ఉంది, అననీ. వీసా వచ్చాక చెబుతాననుకుంటే, విమానం ఎక్కాక ఆ మెసేజ్‌కి నువ్వు పెట్టే ఖర్చేమీ ఉండదు, అసలు పంపుతావన్న నమ్మకమూ నాకు లేదు. పంపేట్టయితే ఇంటర్వ్యూకి ముందే పంపాలంటాను.

అన్నిటికంటే ముందు మీ నాన్నతో మాట్లాడు. ఆయన నీ ఫీజుకి అప్పో పొలమో చూసుకుంటూ ఉంటాడు, ఏ ప్రమాదం మీద డబ్బు పెడుతున్నాడో తెలియడం ఆయన హక్కు. కోప్పడతాడు. బహుశా చెయ్యీ లేపుతాడు. మీ అమ్మ ముందు, అక్క కూడా ఉన్నప్పుడు చెప్పు. ఆయన వెంటనే చేసేది ‘నడు, వాళ్లింటికెళ్దాం’ అనడమే. పైన రాసింది చదివించి ఆపు. వలుపు మనిషిని పిలిచి చేతిలో ఏదైనా పెట్టే ఆలోచన వస్తే అదీ ఆపు.

మిగిలింది పనుల లెక్క. అమెరికా సీటుందని ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మానేయకు. రిజిస్ట్రేషన్ చేసుకో, వెబ్ ఆప్షన్లు పెట్టు. ఇంకా పరిశీలించాలంటూ వీసా 221(జి) అనే సెక్షన్ కింద పెండింగ్‌లో పడితే వారాలు గడిచిపోతాయి, ఈలోపు ఇక్కడ సీట్లు నిండిపోతాయి. వీసా ఆలస్యమైతే అడ్మిషన్ తర్వాతి సెమిస్టర్‌కి మార్చుకోవచ్చా, డిపాజిట్ వెనక్కి ఇస్తారా అని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పెట్టు. దానికి మీ మావయ్య సాయం తీసుకో, ఇంగ్లీషు ఆయనకి బాగా వచ్చు. డీఎస్-160 మాత్రం నువ్వే కూర్చుని నింపు. నింపడంలో ఎవరైనా సాయం చేశారా అని కూడా అందులో ఒక ప్రశ్న ఉంటుంది.